పసుపు రాళ్ల గుంట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ ముక్కుకు తగ్గ ఉద్యోగమే దొరికింది నాకు. తొంభైల మొదట్లో, నాగర్‌కర్నూలు దాటి నల్లమల అంచున, యురేనియం ఉందేమో చూడడానికి బోర్లు వేస్తున్న సర్కారు క్యాంపులో, పనికిరాని వాటినన్నిటినీ చూసుకోవడం నా పని. రాయిని పైకి తీసేవాళ్లు వేరు, తీసిన రాయిని పరీక్షించేవాళ్లు వేరు. వాళ్లు వదిలేసినవన్నీ నావి. కారిపోయిన డీజిలు, ఇంజిన్లలోంచి తీసిన నల్లనూనె, ఖాళీ డ్రమ్ములు, విరిగిన రాతిముక్కలు, అన్నిటికంటే ముఖ్యంగా బోరులోంచి పొంగుకొచ్చే బురద. క్యాంపు డ్రైవర్లు నాకు ‘బురద సారు’ అని పేరు పెట్టారు. మొదట్లో మండిపడేవాణ్ని. కొన్నాళ్లకు ఆ పేరుతో పిలిస్తేనే పలకడం అలవాటైంది.

నాకు ఆ ఉద్యోగం రావడానికి కారణం మా ఇంటి కోళ్లు. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. ముందుగదిలో నాన్న మగ్గం, పెరట్లో పట్టుకు రంగు వేసే పొయ్యి. మిగిలిన రంగునీళ్లు పెరటి గుంటలో పోసేవాళ్లం. కోళ్లు ఆ గుంటలో దిగి, గులాబీరంగు కాళ్లతో వీధంతా షికారు చేసేవి. ఇవి ఏ దేశం కోళ్లని దారినపోయేవాళ్లు అడిగేవారు. వనపర్తిలో డిప్లొమా చదువుకుని ఇంటర్వ్యూకు పోయినప్పుడు క్యాంపు నడిపే పెద్దసారు నన్ను రాళ్ల గురించి ఒక్క ముక్క అడగలేదు. “మీ ఇంట్లో మిగిలిన రంగునీళ్లు ఏం చేస్తారయ్యా?” అన్నారు. “గుంట తవ్వి పోస్తం సార్. కోళ్లు దిగకుంట తడిక అడ్డం పెడ్తం, అయినా దిగుతయి” అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, నిజం చెప్పేవాడు దొరికాడని కాగితం మీద సంతకం పెట్టేశారు.

బురద సంగతి కొంచెం చెప్పాలి. బోరు దిగుతున్నంతసేపూ లోపలికి ఒకరకం బంకమట్టి కలిపిన నీళ్లు పంపుతారు. అవి కింద రాతిపొడిని పట్టుకుని పైకి వచ్చి, పక్కనే తవ్విన గుంటలో తేరుకుంటాయి. బోరు పూర్తయ్యాక ఆ గుంటలో బూడిదరంగు మట్టి మిగులుతుంది. వెన్నలా మెత్తగా ఉంటుంది. ఇంజిన్ పక్కనే ఉంటుంది కాబట్టి కొంచెం డీజిలు వాసన కూడా పట్టుకుంటుంది. అందులో యురేనియం పాలు ఏ కాస్తో ఉండొచ్చు. ముట్టుకున్నంత మాత్రాన మనిషి పడిపోడు. కాకపోతే అది గాలికి లేవకూడదు, వాగులో కలవకూడదు, ఇళ్ల గోడలకు ఎక్కకూడదు, అన్నిటికన్నా ముందు కడుపులోకి పోకూడదు. ఎండిందాకా కాపలా కాసి, పైన మంచి మట్టి కప్పి, గట్టిగా తొక్కించి, అప్పుడు వదలాలి. చెప్పడానికి తేలికే.

క్యాంపు డేరాలు వానకు కారేవి. అందుకని పక్క పల్లెలో ఒక మట్టి ఇంట్లో అర్ర అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడను పెద్దమ్మా అని పిలిచేవాణ్ని. ఆవిడ భర్త గొర్రెల మందతో అడవి పట్టుకుని తిరిగేవాడు, వారానికోసారి కనిపించేవాడు. ఇంట్లో పెద్దమ్మ, తొలికాన్పుకు వచ్చిన కూతురు. ఆ అమ్మాయిని గట్టులో ఇచ్చారు. గట్టు మా గద్వాల పక్కనే. అందుకని నన్ను చూసిన మొదటిరోజే “అన్నా, నువ్వు మా అత్తగారి దిక్కు మనిషివి” అని చుట్టరికం కలుపుకుంది. మెత్తని మనిషి, మాట తక్కువ, తల్లి ముందు మరీ తక్కువ.

ఆ అర్రలో నాకు ఒకటే చికాకు. నా ట్రంకుపెట్టె వెనక గోడను ఏదో రోజూ తవ్వుతోంది. పొద్దున లేచి చూస్తే గోళ్లతో గీకినట్టు కొత్త గుంట, కింద కాస్త పొడి. పెద్దమ్మ చూసి “పందికొక్కు తమ్మీ, బోను పెట్టు” అంది. నాగర్‌కర్నూలు సంతలో కర్రబోను కొనుక్కొచ్చాను. లోపలి కొక్కేన్ని ముట్టుకుంటే పైనుంచి తలుపు పడేలాంటిది. ఎండుకొబ్బరి గుచ్చి పెట్టెవెనక పెట్టాను. కొబ్బరి అలాగే ఉండేది, గోడ మాత్రం తరుగుతూనే ఉండేది. కొబ్బరి మీద ఆశలేని పందికొక్కును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా పంతంకొద్దీ రోజూ ముక్క మార్చి పెట్టేవాణ్ని.

గుంటల దగ్గర నా తిప్పలు ఇంతకు పదింతలు. ముళ్లకంప అడ్డం వేస్తే పొయ్యిలోకి పోయింది. ఇనుప తీగ కడితే పల్లెలో బట్టలు ఆరేసుకోవడానికి పోయింది. వాగుపక్క గుంట అన్నిటికంటే పెద్దది, ఊరికి దగ్గరిది, ఎండడానికి ఆలస్యమయ్యేది. మేకలు దిగుతున్నాయి, పిల్లలు దిగుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎత్తుకుపోయినా ఎందుకూ పనికిరానివి పెడతానని, గుంటచుట్టూ మోకాలెత్తు రాళ్లు నిలబెట్టించాను. ప్రమాదానికి పసుపు, ఎరుపు వాడాలని క్యాంపులో చెప్పారు. రాళ్లకు నిండా పసుపు రంగు వేశాను. పుర్రె బొమ్మ గీయబోతే గుమ్మడికాయ అయి కూర్చుంది. దాన్ని చెరిపేసి, ఎర్రరంగుతో నాకు చేతనైన పని చేశాను. ప్రతి రాయి అడుగునా మా గద్వాల చీరకు వేసే కోటకొమ్మ అంచు, అంటే వరుసగా ముక్కోణాలు, తీర్చిదిద్దాను. పైన కంటికి ఆనేలా గుండ్రంగా ఎర్రచుక్క. నాన్న చూసుంటే మెచ్చుకునేవాడు. ఆ సాయంత్రం ఆ పనితనాన్ని నేనే నాలుగువైపుల నుంచీ చూసుకుని మురిసిపోయాను.

మర్నాటి నుంచి పిల్లలు దిగలేదు, మేకలు దిగలేదు. మంత్రం వేసినట్టు పనిచేసిందని పెద్దసారుకు గొప్పగా చెప్పుకున్నాను.

మంగళవారం పొద్దున పోయి చూద్దునుగదా, పెద్దరాయి ముందు కొబ్బరిచిప్పలు, నిమ్మకాయలు, దీపం. పసుపురాళ్లకు మళ్లీ అసలు పసుపు. నా ఎర్రచుక్కల మీద కుంకుమ. పది పన్నెండుమంది ఆడవాళ్లు కొంగులు తలమీదికి లాక్కుని నిలబడి ఉన్నారు. ముందు వరసలో మా పెద్దమ్మ.

“ఇదేంది పెద్దమ్మా?” అని అరిచాను.

“ఏందంటవేంది తమ్మీ? రాళ్లు నిలవెడితివి, పసుపు పూస్తివి, బొట్లు వెడ్తివి. గిప్పుడొచ్చి మమ్మల్ని అడుగుతున్నవా?”

“గవి బొట్లు కావే! లోపల ఉన్నది విషం. దగ్గరికి రావద్దని పెట్టిన!”

“అమ్మ కోపం గట్లనే ఉంటది. మేం దిగుతలేంగ. ఒడ్డుమీదికెళ్లి దండం పెట్టుకుంటున్నం.”

నేను నెత్తి కొట్టుకున్నాను. ఇంకా గట్టిగా అరిచాను. నేను అరిచినకొద్దీ వాళ్లు ఇంకా భక్తిగా వెనక్కి జరిగారు. “పూజారి లెక్క ఉరుముతుండు” అని ఒకావిడ మెచ్చుకోలుగా అంది. ఆ రోజు నుంచి నన్ను పల్లెలో చూసే తీరే మారిపోయింది. నీళ్లబిందెతో ఎదురొచ్చేవాళ్లు పక్కకు తప్పుకునేవారు. డ్రైవర్లయితే పండగ చేసుకున్నారు. “బురద సారూ, జర మా లారీకి గూడ అంచు వెయ్‌రాదు, కొత్తకోట కాడ పోలీసోళ్లు ఆపకుంట” అని రోజూ ఒకటే గొడవ. పెద్దసారుకు చెప్తే ఆయన నవ్వాపుకోలేక చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఎండగానే కప్పేద్దాంలే, ఒడ్డు దాటడం లేదు కదా అన్నారు. నేనూ సర్దుకున్నాను. ఎలాగైతేనేం, నా గుంటలో ఎవరూ అడుగు పెట్టడం లేదు.

అడుగు పెట్టలేదు గానీ చెయ్యి పెట్టారు. ఆ సంగతి నాకు మరో మంగళవారం తెలిసింది. మంచినీళ్లకని వంటింటి గడప దగ్గరికి పోతే, గూట్లో పసుపుగుడ్డ మూట కనిపించింది. మూతి కాస్త విప్పి ఉంది. లోపల బూడిదరంగు ముద్ద. ఆ రంగును నేను చీకట్లో కూడా గుర్తుపడతాను.

“ఇది ఇంట్లకెట్ల వచ్చింది పెద్దమ్మా?”

“అమ్మ మన్ను. నేనే తెచ్చిన.” ఆవిడ గొంతు తగ్గించింది. “పిల్లకు మన్ను మీద పాణం గుంజుతుంది తమ్మీ. కడుపుతోటి ఉన్నోళ్లకు ఉండేదే. యాడవడితే ఆడ గీకి తినేబదులు అమ్మ మన్ను తింటె కాన్పు సల్లగ అయితదని, దినాం పొద్దుగూకంగ ఉసిరికాయంత ఇస్తున్న.”

“తింటుందా?” అన్నాను.

“తినక? నా ముంగట సిగ్గయి ఎనకకు తీస్కపోయి తింటది.”

వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతున్న ఆ అమ్మాయి వైపు చూశాను. “తిన్నవామ్మా?” అన్నాను. ఆమె తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది, చేటలోకి తల దించుకుంది. ఆ దించుకోవడాన్ని నేను ఔననే అనుకున్నాను. ఆ రంగు వేసింది నేను. ఆ అంచు తీర్చింది నేను. క్యాంపు దాకా ఆగకుండా పరుగెత్తాను. అంత భయం నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

పెద్దసారు ఈసారి నవ్వలేదు. రాళ్లను పరీక్షించే యంత్రం భుజాన వేసుకుని నాతో వచ్చారు. దగ్గర్లో ఏదైనా ఉంటే టిక్కు టిక్కుమని కొట్టుకునే పెట్టె అది. ముద్ద దగ్గర పెట్టారు. ఉత్త వాకిట్లో కన్నా కాస్త త్వరగా కొట్టుకుంది. తర్వాత పెద్దమ్మవాళ్ల నల్లరాతి గడపకు ఆనించారు. అక్కడా దాదాపు అంతే కొట్టుకుంది. గుమిగూడిన జనం గడపరాయిని భయంగా చూశారు.

“భయపడకండి. ఈ కొండల రాయి తీరే అంత” అన్నారాయన. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి మెల్లగా అన్నారు. “అమ్మా, గడప మీద కూర్చోవచ్చు. గడపను తినం కదా. ఇది కడుపులోకి పోయిందంటే మాత్రం ఏమీ కాదని నేను మాట ఇవ్వలేను. రేపు పొద్దున జీపులో నాగర్‌కర్నూలు దవాఖానకు తీసుకుపోదాం.”

పెద్దమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. “నా చేతులార నేనే పెడ్తినా” అంది.  నేను దగ్గర కూర్చుని “తప్పు నాది పెద్దమ్మా” అన్నాను. ఆవిడ నా చెయ్యి తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

ఎండేదాకా ఆగకుండా, కంకర నింపి, సిమెంటు పోసి గుంటను ఆ రోజే మూసెయ్యాలని పెద్దసారు అన్నారు. సిమెంటు, కంకర, కూలీలు అన్నీ మధ్యాహ్నానికి గుంట దగ్గరికి చేరాయి. అయితే తట్ట ఎత్తేవాడు లేడు. అమ్మ కూర్చున్నచోట సిమెంటు ఎట్లా పోస్తామని కూలీలు దూరంగా నిలబడ్డారు. వాళ్లను తిట్టబోతుంటే పెద్దమ్మ వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“అమ్మను సాగనంపకుంట ఎవ్వరూ చెయ్యి పెట్టరు. వాగవతల పొలిమేర కాడికి పంపియ్యాలె. నిలవెట్టినోడే లేపాలె, గది పద్ధతి. తానం చేసి, తువ్వాల సుట్టుకోని రా పో.”

సైన్సు చదివిన సర్కారు ఉద్యోగిని, నేను అమ్మవారిని మోయడమేమిటని పెద్దసారు వైపు చూశాను. “పోవయ్యా, సిమెంటు కలిపేలోపు రా” అన్నారాయన.

తువ్వాలు కోసం ఇంటికి వచ్చాను. పల్లెంతా గుంట దగ్గరే ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వాకిట్లో కాలుపెట్టానో లేదో నా అర్రలోంచి ఠప్పుమని చప్పుడు, వెంటనే “అమ్మో!” అని కేక.

పందికొక్కు దొరికింది. ట్రంకుపెట్టె పక్కన చతికిలబడి, ఎనిమిదో నెల కడుపుతో, ఆ అమ్మాయి. గోడకు అడ్డమని బోనును జరపబోయినట్టుంది, ఒక చెయ్యి అందులో. తలుపు ఆమె పచ్చగాజుల మీద పడి ఇరుక్కుంది. రెండోచేతి వేళ్లకు, పెదాలకు, గడ్డానికి నా గోడ మట్టి.

నేను బోను దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను.

“అన్నా, అమ్మకు జెప్పకు” అంది ముందు. తర్వాత ఏడుపు, నవ్వు కలిసిపోయి వచ్చాయి ఆమెకు. “ఈ అర్ర గోడ మస్తుగుంటది అన్నా. వాన పడ్డనాడు వాసనొస్తది సూడు, కాళ్లు ఆగవు.”

గాజులు పగలకుండా బోను తలుపు ఎత్తడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.  “మరి అమ్మ ఇచ్చిన మన్ను?” అన్నాను.

“ఛీ, గది ఎవలు తింటరు? డీజిలు కంపు!” ముఖం అదోలా పెట్టింది. “ఒక్కనాడు నాలిక్కి తాకించి ఊంచేసిన. వద్దంటె అమ్మ పాణం ఉసూరుమంటది. తీస్కపోయి కొట్టం ఎనక గోడమీద పెట్టొస్తున్న.”

కొట్టం వెనక్కి పరుగెత్తాను. గోడమీద, గడ్డిమోపు చాటున, ఉసిరికాయంత ఉండలు ఒకదాని పక్కన ఒకటి బారుగా ఉన్నాయి. పాతవి ఎండి నెర్రెలిచ్చాయి. నిన్నటిది ఇంకా మెత్తగానే ఉంది. ఒక్కదానికీ పంటిగాటు లేదు. నేను అక్కడే పేడకుప్ప పక్కన కూర్చుని, చెప్పడానికి నాకేం సిగ్గులేదు, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అంత సంతోషంగా ఎప్పుడూ ఏడవలేదు.

అమ్మకు చెప్పొద్దన్న మాట నేను నిలబెట్టలేదు. గుంట దాకా పరుగెత్తి, పెద్దమ్మ రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి, గోడమీది ఉండలు చూపించాను. ఆవిడ దగ్గరికి పోయి ఒక్కొక్కటీ చూసింది. మొదటి నుంచి చివరిదాకా చూసి, మళ్లీ మొదటికి వచ్చింది. అప్పుడు వెనక్కి తిరిగి, ద్వారం దగ్గర నక్కి నిలబడ్డ కూతురిని చూసి “ఓసి నీ మొఖం మండ! దినాం నన్ను మోసం జేస్తివా?” అని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి కూతురి తలమీద వాలింది. కొంగుతో పిల్ల గడ్డానికున్న మట్టి తుడుస్తూ, తిడుతూ, ముద్దుపెట్టుకుంటూ, మళ్లీ తిట్టింది. వాటిలో సగం తిట్లు నాకు కూడా వర్తించాయి.

ఇక సాగనంపడం ఎంత జోరుగా జరిగిందో చెప్పలేను. డప్పులు ఎక్కడినుంచి వచ్చాయో వచ్చాయి. తువ్వాలును చుట్ట చేసి నా నెత్తిన పెట్టి, దానిమీద కోటకొమ్మ అంచు పెద్దరాయి ఎక్కించారు. మిగతా రాళ్లు డ్రైవర్ల నెత్తిన. ఇన్నాళ్లు నన్ను ఏడిపించినందుకు వాళ్లకు అదే తగిన శాస్తి అని నాకు లోపల మహా ఆనందం. పెద్దమ్మ ఆ ఉండల్నీ, గూట్లోని మూటనూ పాత గంపలో వేసుకొచ్చి, తన చేత్తోనే గుంటలోకి విసిరేసింది. పసుపునీళ్లు చల్లుతూ వాగు దాటాం. అవతల పొలిమేరలో వేపచెట్టు కింద రాళ్లు దించాం. వెనక్కి వచ్చేసరికి పెద్దసారు స్వయంగా చొక్కా చేతులు మడిచి సిమెంటు కలిపిస్తున్నారు.

పని పూర్తయ్యాక, తడి సిమెంటు మీద ఏదైనా రాద్దామా సార్ అని అడిగాను. ఆయన నా చేతిలోని పుల్ల లాక్కున్నారు. “ఏమీ రాయకు. రంగు డబ్బా కూడా నాకిచ్చెయ్.” బూడిదరంగు బండ ఒకటి ఊరి పక్కన పడి ఉన్నట్టు ఉంది. నేను అక్కడ ఉన్నంతకాలం దానివైపు చూసినవాళ్లు లేరు. నా ఉద్యోగంలో నేను చేసిన అన్ని హెచ్చరికల్లోకీ బాగా పనిచేసింది అదొక్కటే.

మర్నాడు అనుకున్న ప్రకారం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ అంతా విని, చూసి, పిల్లా తల్లీ బాగున్నారు, ఒంట్లో రక్తం మాత్రం తక్కువుంది, అందుకే మట్టి మీద మనసు పోతోంది అంది. ఇనుము గోలీలు ఇచ్చి, గోడలు తినడం మానాలని గట్టిగా చెప్పింది. ఆ అమ్మాయి బుద్ధిగా తలూపింది. జీపులో తిరిగొస్తుంటే వాన మొదలైంది. తడిసిన మట్టి వాసన లోపలికి కొట్టగానే ఆమె నా వైపు దొంగచూపు చూసింది. నేను కోపంగా ముఖం పెట్టాను. నిలవలేదు, నవ్వొచ్చేసింది.

కాన్పు సల్లగా అయింది. ఆడపిల్ల. ఊరంతా వినేలా ఏడ్చిందని పెద్దమ్మ మురిసిపోయింది. పురుడు అయ్యాక బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. కోపిష్టివాణ్నని భయం కూడా లేకుండా నా వేలు పట్టుకుంది. గోడకు గుంటలు పడ్డాయి, పెద్దవానలు పడకముందే పూడ్పించనా అని పెద్దమ్మను అడిగాను.

“పూడుస్తే పూడ్సు గని,” అంది ఆవిడ, మనవరాలి బుగ్గ మీద చుక్క పెడుతూ, “నీ అర్ర గోడ తినే గీ పిల్ల గింతయ్యింది తమ్మీ. రేపు నడక నేర్సినంక అర్రల సగం నాదంటది, ఇయ్యవా మరి?”